బస్సు టైము, రిపోర్టు టైము

డేటా అనలిస్టు ఉద్యోగంలో రోజు పొద్దున మొదలయ్యేది కాదు, ముందురోజు సాయంత్రమే మొదలయ్యేది. 2000 తర్వాత ఓ పది పదిహేనేళ్లు ఆఫీసుల్లో రోజువారీ రిపోర్టులు తీసినవాళ్లని ఎవరినడిగినా ఇదే చెబుతారు. తొమ్మిదిన్నరకల్లా రిపోర్టు పైవాళ్ల మెయిల్లో ఉండాలి. సీట్లో కూర్చునేసరికి తొమ్మిది, అదీ బస్సు టైముకొస్తే. ఆ అరగంటలో డేటా దింపి, శుభ్రం చేసి, పివట్ (వేల వరుసల్ని కూడి చూపే ఎక్సెల్ సారాంశ పట్టిక) కట్టి, సరిచూసి పంపడం ఎవరి తరమూ కాదు. అందుకే సాయంత్రం బస్సుకి పరుగెత్తేముందు మెషీన్లో ఏం పెట్టి వెళ్లామన్నదాన్ని బట్టే మర్నాటి పరువు.

పగటిపూట పెద్ద క్వెరీ, అంటే డేటాబేసుని డేటా అడిగే ఆదేశం, వేయడానికి లేదు. అందరూ వాడుకుంటున్న డేటాబేసు మీద మూడు పెద్ద టేబుళ్లు జాయిన్ చేస్తే (కలిపి చదివితే) అవతల బిల్లింగ్ తెర మీద గడియారం తిరుగుతూ ఉండిపోయేది. ఐదు నిమిషాల్లో డేటాబేసు చూసుకునే డీబీఏ దగ్గర్నుంచి ఫోను, పదో నిమిషంలో అడక్కుండానే క్వెరీ చంపేసేవాళ్లు. అందులో వాళ్ల తప్పేం లేదు. రాత్రిపూట వాటంతటవే నడిచే బ్యాచ్ జాబులు అయిపోయాక తెల్లవారుజామున నడిచేలా మన క్వెరీని షెడ్యూల్ చేసుకోవడమే మర్యాద. సర్వర్లో జాబు పెట్టుకునే అనుమతి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లకి డెస్కు మీది కంప్యూటరే గతి: చెప్పిన టైముకి పని మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్, ఎక్సెల్ పనుల్ని వరసగా దానంతటదే చేసే ఒక మాక్రో, పైన దేవుడు.

రాత్రి మాక్రో ఆగిపోవడానికి ఉన్నన్ని కారణాలు మరి దేనికీ లేవు. అన్నిటికన్నా మామూలుది, మధ్యలో తెర మీదికొచ్చే ప్రశ్న. "ఈ ఫైల్లో వేరే ఫైళ్లకి లింకులున్నాయి, అప్‌డేట్ చేయమంటారా?" అని ఒక పెట్టె తెరుచుకుని, జవాబు చెప్పే మనిషి కోసం తెల్లారేదాకా అలాగే కాచుకుని ఉండేది. కోడ్ మొదట్లో డిస్‌ప్లే అలర్ట్స్ ఫాల్స్ అని పెడితే చాలా పెట్టెలు రావు. కానీ లింకుల పెట్టె విషయంలో దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఫైలు తెరిచే లైన్లోనే అప్‌డేట్ లింక్స్ సున్నా అని విడిగా రాయాలి. ఈ రెండోది తెలియక తెల్లారి తలపట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

తర్వాతది లాగాఫ్. ఇంటికెళ్తూ అలవాటుగా లాగాఫ్ కొడితే ఎక్సెల్ తెరుచుకోవడానికి డెస్క్‌టాప్ ఉండదు. తెర లాక్ చేసి వెళ్లాలంతే. మనిషి లేకుండా ఆఫీస్ ప్రోగ్రాములు నడిపే పద్ధతికి తాము సపోర్టు ఇవ్వమని మైక్రోసాఫ్టే రాసిపెట్టింది, అయినా ప్రపంచమంతా అలాగే నడిపింది. ఇంకోటి పవర్ సెట్టింగు. అరగంట కదలిక లేకపోతే మెషీను నిద్రపోతుంది, దాంతోపాటు మాక్రో కూడా. ఇవన్నీ సరిచేసుకున్నా నెలకోసారి ఒక గండం. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి. అవి దిగాక రాత్రికి రాత్రి మెషీను దానంతటదే రీస్టార్ట్ అయితే, పొద్దున మనకి ఎదురయ్యేది లాగిన్ తెర. ఆ వారం కాస్త ముందు బస్సెక్కడం తెలివైన పని. పాస్‌వర్డు గడువు తీరిన రాత్రి కూడా ఇదే కథ. డేటాబేసు కనెక్షన్‌కి ఇచ్చిన పాస్‌వర్డు మారిస్తే మాక్రోలోనూ మార్చాలని గుర్తుండేది కాదు.

వీటన్నిటికీ కోడ్‌లోనో సెట్టింగుల్లోనో మందుంది. అలాంటి మందు లేనిది ఒక్కటే: రాత్రి ఊడ్చేవాళ్లో సెక్యూరిటీవాళ్లో కరెంటు వృథా ఎందుకని గోడ దగ్గర స్విచ్చి కట్టేయడం. దానికి మందు కాగితం. ఏ4 కాగితం మీద లావు అక్షరాలతో "పని నడుస్తోంది, దయచేసి ఆపకండి" అని రాసి మానిటర్‌కి ఒకటి, స్విచ్చి బోర్డు మీద ఒకటి అంటించేవాళ్లం. మానిటర్‌కి మాత్రమే అంటిస్తే లాభం లేదు, చెయ్యి వెళ్లేది స్విచ్చి మీదికి కదా. ఏ ఆఫీసులో చూసినా అనలిస్టు సీటుని గుర్తుపట్టడానికి అంచులు వంకర్లు పోయిన ఆ కాగితం చాలు.

ఇక ప్రయాణం. సంచిలో లాప్‌టాప్, ఇటుకరాయంత చార్జరు, తాళం తీగ, నోటుపుస్తకం, తాళంచెవుల గుత్తికి వేలాడే టోకెన్. దాని మీద ఆరంకెలు నిమిషానికోసారి మారుతుండేవి. ఇంటి నుంచి వీపీఎన్‌లోకి, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి, వెళ్లాలంటే అవి కొట్టాలి. టోకెన్ ఆఫీసులో మర్చిపోతే ఆ రాత్రికి ఆఫీసుతో సంబంధం తెగిపోయినట్టే. లాప్‌టాప్‌ని స్టాండ్‌బైలో పెట్టి సంచిలో కుక్కడం చాలామంది చేసేదే, చేయకూడనిది కూడా. స్టాండ్‌బైలో మెమరీకి కరెంటు అందుతూనే ఉంటుంది. ఏ మౌసు కదలికకో, షెడ్యూల్ చేసిన ఏ పనికో మెషీను సంచిలోనే మేలుకుంటే గాలాడక వేడెక్కిపోతుంది. పైగా అప్పటివి తిరిగే హార్డ్‌డిస్కులు, నడుస్తుండగా బస్సు గుంతలో పడి ఎగిరితే వాటికి మంచిది కాదు. హైబర్నేట్ చేస్తే మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసి పూర్తిగా ఆగిపోతుంది. తెరవడానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే తేడా. రెండింటిలో ఏదైనా డేటాబేసు కనెక్షన్ మాత్రం తెగుతుంది. సగంలో ఉన్న క్వెరీతో మూత వేస్తే మళ్లీ మొదటికే.

బస్సులో పని చేసుకోవచ్చనేది కొత్తలో ఉండే భ్రమ. పాతిక కాలమ్స్ ఉన్న షీటుని కుదుపుల్లో చూస్తే పది నిమిషాల్లో కళ్లు తిరుగుతాయి, టచ్‌ప్యాడ్ మీద వేలు ఒక గడిలో నొక్కబోతే ఇంకో గడిలో పడుతుంది. పక్క సీటాయన ఖాతాదార్ల పేర్లు, నంబర్లు తీరిగ్గా చదువుకుంటాడు, అది ఇంకా పెద్ద ముప్పు. నిలకడగా నడిచే రైల్లోనైతే మెయిల్ రాసుకోవచ్చు. అవుట్‌లుక్ 2003లో మెయిళ్ల నకలు మన మెషీన్లోనే ఉంచే క్యాష్డ్ మోడ్ వచ్చాక నెట్ లేకుండానే పాత మెయిళ్లు చదివి, జవాబులు రాసి సెండ్ కొడితే అవుట్‌బాక్సులో కూర్చునేవి, ఆఫీసు నెట్‌వర్క్ తగలగానే వరసగా వెళ్లిపోయేవి. అంతకన్నా పనికొచ్చింది కాగితమూ పెన్సిలే. ఏ టేబుల్‌కి ఏ కీ (టేబుళ్లని కలిపే కాలమ్), ఏ కాలమ్ ఎక్కణ్నుంచి వస్తుంది, ఎక్కడ ఒకటికి రెండు వరుసలు పడతాయి అని బొమ్మ గీసుకోవడానికి ప్రయాణమంత మంచి సమయం మరోటి దొరికేది కాదు. ఆఫీసులో కీబోర్డు ముందుంటే ఆలోచించకముందే చెయ్యి క్వెరీ కొట్టేస్తుంది.

బస్సు తప్పిన రోజు కోసం ఒక కాగితం తయారుగా ఉంచుకోవడం తెలిసినవాళ్ల లక్షణం. అందులో ఫైలు ఎక్కడుంది, ముందు ఏది తెరవాలి, ఏ బటన్ నొక్కాలి, నొక్కాక ఎన్ని నిమిషాలు పడుతుంది, మెయిల్ ఎవరెవరికి వెళ్లాలి అన్నవి ఉంటాయి. చాలామంది మర్చిపోయేది, మొత్తం సుమారు ఎంత రావాలి అన్నది. అది లేకపోతే ఫోన్లో మన మాట విని బటన్ నొక్కిన పక్కసీటు మనిషికి వచ్చిన అంకె సరైనదో కాదో తెలియదు. మామూలుగా రోజుకి 40 వేల వరుసలొచ్చే చోట 400 వచ్చినా పంపేస్తాడు పాపం.

సీట్లో కూర్చోగానే మొట్టమొదట చూసేది ఫైలు సైజు, తర్వాత వరుసల లెక్క. ఎక్సెల్ 2003లో ఒక షీటుకి 65,536 వరుసలు, 256 కాలమ్స్. అంతకన్నా పెద్ద టెక్స్ట్ ఫైలు తెరిస్తే "ఫైలు పూర్తిగా లోడ్ కాలేదు" అని ఒక్క ముక్క చెప్పి, పట్టినంతవరకు చూపించి ఊరుకునేది. తొందర్లో ఓకే కొట్టేస్తే ఇక ఏ ఆనవాలూ ఉండదు. లెక్క సరిగ్గా 65,536 దగ్గర ఆగిందంటే డేటా తెగిపోయిందనే అర్థం. ఇది పాతకాలపు ముచ్చటే అనుకోవద్దు. 2020 అక్టోబరులో ఇంగ్లండులో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత .ఎక్స్ఎల్ఎస్ ఫైల్లో వరుసలు పట్టకపోవడమే కారణం.

అప్పట్లో పెద్ద డేటా అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల చిన్న డేటాబేసు యాక్సెస్‌లోకి ఎక్కించడమే. దాని హద్దు 2 జీబీ. చిత్రమేమిటంటే యాక్సెస్‌లో వరుసలు తీసేసినా ఫైలు తగ్గదు. రోజూ టేబుల్ తుడిచి మళ్లీ నింపుతుంటే లోపల ఉన్నది ఇంతే అయినా ఫైలు ఉబ్బుతూ పోయి ఒకరోజు మొండికేస్తుంది. కంపాక్ట్ అండ్ రిపేర్ కొడితే అమాంతం తగ్గిపోయేది. దాన్ని వారానికోసారి చేయాలని క్యాలెండర్లో పెట్టుకున్నవాళ్లు బతికిపోయారు.

అసలు శ్రమ శుభ్రం చేయడంలోనే ఉండేది. ముఖ్యంగా తేదీలు. నెల ముందు, రోజు తర్వాత రాసే సిస్టమ్ నుంచి వచ్చిన ఫైలుని, రోజు ముందు రాసే సెట్టింగున్న మెషీన్లో తెరవండి. ఏప్రిల్ డేటా అనుకుందాం. 04/01 నుంచి 04/12 దాకా ఉన్నవాటిని ఎక్సెల్ కిక్కురుమనకుండా జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 4 అని చదివేస్తుంది. ఏప్రిల్ మొదటి పన్నెండు రోజుల అమ్మకాలు ఏడాది పొడవునా నెలకొకటి చొప్పున నాలుగో తారీఖున వెళ్లి చేరతాయి. వాటిలో ఏప్రిల్ 4 ఒక్కటే ఉన్నచోట ఉంటుంది. 04/13 నుంచి పదమూడో నెల లేదు కాబట్టి తేదీ కాకుండా టెక్స్టుగా మిగిలిపోతాయి. కాలమ్ వెడల్పు చేసి చూస్తే దొంగ దొరుకుతాడు: తేదీలు కుడివైపుకి ఆనుకుని ఉంటాయి, టెక్స్టు ఎడమవైపుకి. ఒకే కాలమ్‌లో రెండూ కనబడ్డాయంటే ఫైలు మూసేసి మొదట్నుంచి చేయాలి. టెక్స్ట్ టు కాలమ్స్‌లో మూడో మెట్టు దగ్గర తేదీ వరస చెప్పి మార్చవచ్చు గానీ, అది టెక్స్టుగా మిగిలినవాటికే. అప్పటికే తారుమారైనవాటిని అది ముట్టుకోదు. తేలికైన దారి, ఫైలు పేరు చివరి .సీఎస్‌వీ తోకని .టీఎక్స్‌టీ అని మార్చి తెరవడం. అప్పుడు ఎక్సెల్ సొంత తెలివి చూపించకుండా ఏ కాలమ్ ఏమిటని మనల్నే అడుగుతుంది.

అదే కిటికీలో ఖాతా నంబర్ల కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పడం మర్చిపోతే ఇంకో రెండు నష్టాలు. ముందున్న సున్నాలు రాలిపోతాయి. పదహారంకెల నంబర్లయితే చివరంకె సున్నా అయిపోతుంది, ఎక్సెల్ పదిహేను అంకెలదాకే గుర్తుపెట్టుకుంటుంది మరి. సేవ్ చేశాక దాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం లేదు. తేదీల పిచ్చి శాస్త్రవేత్తల్నీ వదల్లేదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని చివరికి 2020లో ఆ పేర్లనే మార్చుకున్నారు. ఎక్సెల్‌ని మార్చడంకన్నా అదే తేలికైంది కాబోలు.

ఒక విలువని ఇంకో జాబితాలో వెతికి దాని పక్కనున్నది తెచ్చే ఫార్ములా వీలుకప్ గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకాలకి అర్థం లేదు. నాలుగో స్థానంలో ఫాల్స్ రాయకుండా వదిలేస్తే అది "దగ్గరదగ్గరగా ఉన్నది" వెతుకుతుంది. జాబితా వరసలో లేకపోతే చూడ్డానికి నిక్షేపంగా ఉండే తప్పు విలువ తెస్తుంది. దొరకలేదని చెప్పే ఎన్ఏ ఎర్రర్ వస్తే నయం, కనీసం తప్పు తప్పులా కనబడుతుంది. ఇక రెండు షీట్లలోనూ ఒకే నంబరు కంటికి కనబడుతున్నా ఎన్ఏ వస్తోందంటే, ఒకచోట అది అంకె, రెండోచోట టెక్స్టు. ఖాళీ గడిలో 1 కొట్టి, కాపీ చేసి, టెక్స్టు కాలమ్ మీద పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై చేస్తే అన్నీ అంకెలైపోతాయి. పేర్ల దగ్గరైతే చివర కనబడని ఖాళీలు. ఖాళీలు తీసే ట్రిమ్ ఫార్ములా వేసినా పోవడంలేదంటే అవి వెబ్ పేజీ నుంచి కాపీ అయిన 160వ నంబరు ఖాళీలు (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ, ఖాళీకీ ఒక నంబరుంటుంది). ట్రిమ్‌కి 32వ నంబరు ఖాళీ ఒక్కటే తెలుసు. సబ్‌స్టిట్యూట్‌తో క్యారెక్టర్ 160ని తీసేశాకే ట్రిమ్ వేయాలి.

2003లో, ఎర్రర్ వస్తే బదులు ఏం చూపించాలో చెప్పే ఇఫ్ఎర్రర్ ఫార్ములా కూడా లేదు. ఎన్ఏ వస్తే సున్నా చూపించాలంటే ఇఫ్ లోపల ఇస్ఎన్ఏ, దాని లోపల వీలుకప్, కామా పెట్టి సున్నా, మళ్లీ అదే వీలుకప్. ఒక్కో గడికి వెతుకులాట రెండుసార్లన్నమాట. యాభై వేల వరుసల మీద దాన్ని లాగి వదిలితే తెర కింద లెక్క శాతం పాకుతూ ఉండేది. అందుకే అడిగేదాకా లెక్క కట్టకుండా క్యాలిక్యులేషన్ మాన్యువల్‌లో పెట్టి, చివర్లో లెక్క కట్టమని ఎఫ్9 నొక్కేవాళ్లం. దీనికో మెలిక ఉంది. ఆ సెట్టింగు ఆ పూట మొదట తెరిచిన ఫైలు నుంచి వస్తుంది, తర్వాత తెరిచిన ఫైళ్లన్నిటికీ అంటుకుంటుంది. మాన్యువల్‌లో సేవ్ చేసిన ఫైలు ఎవరికైనా పంపితే, వాళ్లు పొద్దున్నే దాన్ని ముందు తెరిస్తే, ఆ రోజంతా వాళ్ల సొంత షీట్లలో అంకెలు మార్చినా మొత్తాలు కదలవు. ఎందుకో వాళ్లకి సాయంత్రందాకా అంతుబట్టదు.

పివట్‌లో రెండు పొరపాట్లు రోజూ చూసేవే. సోర్స్ రేంజిని నిన్నటి వరుసలదాకానే ఇచ్చి ఉంటే ఈరోజువి రావు. అంకెల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా సమ్ (మొత్తం) బదులు కౌంట్ (ఎన్ని ఉన్నాయో లెక్క) పడుతుంది, కోట్లలో ఉండాల్సినది వేలల్లో కనబడుతుంది. మూడోది పొరపాటు కాదు, ప్రమాదం. సోర్స్ షీటు తీసేసి పివట్ ఒక్కటే పంపాం కదా అని నిశ్చింతగా ఉంటాం. కానీ డేటా అంతా పివట్ తన లోపల ఉంచుకునే నకలు, పివట్ క్యాష్‌లో దాక్కుని ఉంటుంది. అవతలివాళ్లు గ్రాండ్ టోటల్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వరుసలన్నీ కొత్త షీట్లో ప్రత్యక్షం. జీతాల సారాంశం పంపబోయి అందరి జీతాలూ పంపేసిన సందర్భాలు ఇలాగే పుట్టాయి. కాపీ, ఆల్ట్ ఈ ఎస్ వి (విలువలు మాత్రమే అంటించే కీలు), ఎంటర్. విలువలుగా మార్చాకే మెయిల్‌కి జోడించాలి.

పంపేముందు మూడే చూసుకునేవాళ్లం: వరుసల లెక్క మూలంతో కలిసిందా, మొత్తం కలిసిందా, నిన్నటితో పోలిస్తే ఎక్కడైనా ఎగిరిందా పడిందా. శాతాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. ఒక శాఖలో 10కి 8, ఇంకో శాఖలో 1,000కి 300 అయితే 80, 30 కూడి రెండుతో భాగించి 55 శాతం అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నిజానికి 1,010కి 308, అంటే 30.5. పైవాళ్లకి 55 నచ్చుతుందన్నది వేరే విషయం.

మెయిల్ సర్వర్లు ఆ రోజుల్లో పెద్ద జోడింపుల్ని వెనక్కి కొట్టేవి, అందుకని జిప్ చేసేవాళ్లం. పైవాళ్లు కూడా ప్రయాణంలోనే ఉండేవాళ్లు, చిన్న తెర ఫోన్లో జోడింపు తెరుచుకునేది కాదు. ముఖ్యమైన నాలుగైదు అంకెలు మెయిల్లోనే పైన రాసేస్తే, "ఓపెన్ అవడంలేదు, ఎంతొచ్చిందో చెప్పండి" అనే ఫోను తప్పేది.

ఎక్సెల్ 2007 వచ్చి వరుసలు 10,48,576 అయ్యాయి. ఇఫ్ఎర్రర్, షరతులు పెట్టి కూడే సమ్ఇఫ్స్ వచ్చాయి. ఫిల్టరు జాబితాలో మొదటి 1,000 వేర్వేరు విలువలే కనబడేది పోయి 10,000 కనబడ్డాయి. అంతకుముందు "ఆ కస్టమరు మన దగ్గర లేడు" అని ఎంతమందికి జవాబిచ్చారో, ఆ కస్టమరు 1,001వ వాడై ఉంటాడు! మెనూలు మాత్రం మాయమై పైన రిబ్బన్ వచ్చింది, దేనికది ఎక్కడుందో వెతుక్కోవడానికి నెల పట్టింది. వేళ్లకి అలవాటైన ఆల్ట్ ఈ ఎస్ వి మాత్రం మెనూలు పోయినా పనిచేస్తూనే ఉంది. తర్వాత డేటా దింపి శుభ్రం చేసే పవర్ క్వెరీ వచ్చింది, ఎక్సెల్ 2016 నుంచి లోపలే ఉంది. మామూలుగానే కచ్చితమైనదాన్ని వెతికే ఎక్స్‌లుకప్‌ని 2019లో ప్రకటించారు. 2020లో బస్సూ పోయింది. ఇంట్లోంచి వీపీఎన్ మీద షేర్డ్ డ్రైవులో 40 ఎంబీ ఫైలు తెరుచుకునేలోపు పాత రోజుల్లో సగం దూరం ప్రయాణం అయిపోయేది.

ఆ కాలపు మాక్రోలు మాత్రం ఇంకా చాలా ఆఫీసుల్లో నడుస్తున్నాయి. రాసినవాళ్లు వెళ్లిపోయారు, ముట్టుకోవడానికి ఉన్నవాళ్లకి భయం. అలాంటిది మీ చేతికొస్తే కోడ్‌లో ముందు 65536 అని వెతకండి. చివరి వరుస కనుక్కోవడానికి అప్పట్లో అందరం ఏ65536 గడికి వెళ్లి, అక్కణ్నుంచి ఎండ్ ఎక్స్ఎల్‌అప్‌తో పైకి రమ్మనేవాళ్లం. డేటా అంతకన్నా తక్కువున్నన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. కొత్త తరహా షీట్లో డేటా ఆ వరుస దాటిన రోజున ఆ గడి ఖాళీగా ఉండదు, మధ్యలో ఖాళీల్లేకపోతే పైకి వెళ్తూ వెళ్తూ హెడింగు దగ్గరే ఆగుతుంది. చివరి వరుస ఒకటో వరుసే అనుకుని మాక్రో కొత్త డేటాని రెండో వరుస నుంచి పాత డేటా మీదే రాసేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఆ 65536 ఉన్నచోట రోస్ డాట్ కౌంట్ (షీటులో ఎన్ని వరుసలుంటే అన్ని) అని పెడితే సరిపోతుంది. కానీ ఒక్కచోట మార్చి వదిలేయకండి, అలాంటి మాక్రోల్లో అది కనీసం నాలుగైదుచోట్ల ఉంటుంది.